అదనంగా పడిన కొమ్ము

మా పెదనాన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. ముప్పై ఏళ్ళు అదే పని, కిటికీ పక్కన అదే బల్ల. ఎవరైనా శుభలేఖ చేతికిస్తే వధూవరుల పేర్లకన్నా ముందు అందులో తప్పులు చదివేవాడు. "అక్షరానికి అన్యాయం చేసినవాడికి అన్నం పుట్టదురా" అని మమ్మల్ని అదరగొట్టేవాడు. ఆయన చేతి మీదుగా తప్పుతో బయటికి పోయిన కాగితం ఒక్కటే. అది పొరపాటున పోలేదు.

పక్కవాటాలో ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఇద్దరూ ఒకరినొకరు ‘బావా’ అని పిలుచుకునేవారు. ఒకే పేపరు తెప్పించుకుని సగం సగం చదివి మార్చుకునేవారు. మా పెద్దమ్మ ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ రెండుపూటలా క్యారియర్ మోసింది ఆ బావే.

ఒక ఏడాది ఎన్నికల్లో చెరో పార్టీ అయ్యారు. ఎలక్ట్రీషియన్ గుమ్మానికి జెండా కట్టిన రోజు నుంచీ పెదనాన్న కంటికి ఆ మనిషిలో మంచి ఆనలేదు. నవ్వితే వెటకారం, నవ్వకపోతే పొగరు. "వాడి మీటరు వాడే వెనక్కి తిప్పుకుంటాడు. ఆ పార్టీవాళ్ళంతా అంతే" అన్నాడొకరోజు. క్యారియర్ మోసిన మనిషిని అంత మాట అనడానికి నోరెలా వచ్చిందోనని నాకిప్పటికీ కోపమే. పేపరు కూడా ఎవరిది వాళ్ళు తెప్పించుకోవడం మొదలుపెట్టారు.

అప్పుడే ఆ పార్టీ కరపత్రం ప్రెస్సుకు వచ్చింది. తమ అభ్యర్థి గురించి మా వీధిలోని నలుగురి మాటలు, ఫొటోలతో సహా. ఎలక్ట్రీషియన్ తన చేత్తో రాసిచ్చింది ఇంతే: "ఈయన్ను ఇరవై ఏళ్ళుగా ఎరుగుదును. ఈయన మాట తప్పడు." టైపు చేసినావిడ చేతిలో ఒక కొమ్ము అదనంగా పడి, అది "ఈయన మాట తప్పుడు" అయింది. పెదనాన్న చూశాడు. ఎర్ర పెన్ను మూత తీశాడు. ‘ఇప్పటికి నిజం రాశాడు’ అనుకుని, మూత పెట్టేసి, సంతకం చేసి పంపించాడు. కొమ్ము వచ్చింది అక్షరానికో, మా పెదనాన్నకో.

ఊరంతా నవ్వింది. రెండు రోజులయ్యాక ఆ పార్టీవాళ్ళే ఎలక్ట్రీషియన్‌ను వెన్నుపోటుదారన్నారు. అవతలివాళ్ళకు అమ్ముడుపోయి కావాలనే రాశాడన్నారు. గుమ్మం మీది జెండా పీక్కెళ్ళారు. ఎప్పుడూ పనికి పిలిచే ఇళ్ళవాళ్ళు పిలవడం మానేశారు.

ఆదివారం పొద్దున్నే ఎలక్ట్రీషియన్ మా ఇంటికి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బావా, నీ చేతి మీద తప్పు పోదని అందరికీ తెలుసు. ఈ మధ్య నాకు చత్వారం కదా, కొమ్ము నేనే పెట్టి ఇచ్చినట్టున్నాను. పొరపాటే గానీ కావాలని రాయలేదని నువ్వొచ్చి ఒక్క మాట చెబితే వాళ్ళు నమ్ముతారు. నువ్వు అవతలివాడివి, నాకోసం అబద్ధమెందుకు ఆడతావు?"

‘సరే’ అంటే సరిపోయేది. ఇద్దరి పరువూ దక్కేది. నిజం చెప్పొద్దూ, పెదనాన్న ఆ మాటే అనాలని నేనూ కోరుకున్నాను.

"నువ్వు సరిగ్గానే రాశావు బావా" అన్నాడు పెదనాన్న. "కొమ్ము ప్రెస్సులో పడింది. నేను చూశాను. చూసే వదిలేశాను."

తిట్టినా బాగుండేది.

"అలాగాండీ" అన్నాడు ఎలక్ట్రీషియన్. "మీరు ఆ మాట వచ్చి వాళ్ళతో చెప్పగలరా?"

పెదనాన్న చొక్కా వేసుకుని వెంట నడిచాడు. పార్టీ ఆఫీసులో అందరి ముందూ చెప్పాడు. ప్రెస్సు యజమానికీ చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఎలక్ట్రీషియన్‌ను మళ్ళీ పనులకు పిలిచారు.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఇద్దరూ ఒకే గోడకు అటూ ఇటూ బతికారు. మా ఇంట్లో ఫ్యూజు పోతే ఎలక్ట్రీషియన్ పిలవకముందే వచ్చేవాడు. "మీరు కాస్త పక్కకు జరగండి" అనేవాడు. పెదనాన్న జరిగి, ఆ నోట ‘బావా’ అన్న మాట వస్తుందేమోనని ప్రతిసారీ ఎదురుచూసేవాడు. రాలేదు.