తూకాలాయన చెల్లెలికి చేసిన క్యాలిపర్

ఆ ఫ్యాక్టరీలో అతన్ని సొంత పేరుతో పిలిచేవాళ్లు లేరు. తూకాలాయన అనేవాళ్లు. చేతికి ఏ వస్తువు వచ్చినా అరచేతిలో రెండుసార్లు ఆడించి బరువెంతో చెప్పేసేవాడు. తాళంచెవి, చెంబు, పక్కింటి పిల్లాడి బంతి, దేన్నీ వదిలేవాడు కాదు. పెళ్లయిన కొత్తలో భార్య కాఫీ అందిస్తే, కాఫీ ఎలా ఉందో చెప్పకుండా గ్లాసు మందపాటి స్టీలని చెప్పాడట. "గ్లాసు ఎక్కడికీ పోదు లెండి, ముందు కాఫీ చల్లారిపోతోంది" అని ఆవిడ అన్న మాట బంధువుల ఇళ్లలో చాలాకాలం తిరిగింది.

అతని పని డిజైన్ గదిలో. ఆ ఫ్యాక్టరీ బరువులెత్తే యంత్రాలు చేసేది. భాగాల బొమ్మలు గీసేవాళ్లు వేరే ఉన్నారు. గీసిన భాగాన్ని దేనితో చెయ్యాలో తేల్చేది మాత్రం ఇతను. పోత ఇనుమా, ఉక్కా, ఇత్తడా, నైలానా అన్నది అతని నోట రావాలి. బొమ్మ పట్టుకుని అతని బల్ల దగ్గరికి వెళ్లినవాడు ఒక పట్టాన బయటపడేవాడు కాదు. ఇది ఎండలో ఉంటుందా, తడిలోనా? దేన్ని రాసుకుని తిరుగుతుంది? ఆగి ఆగి తిరుగుతుందా, ఒకటే తిరుగుడా? ఒకవేళ విరిగితే దాని కింద ఎవరుంటారు? పిల్లనిచ్చేవాళ్లు కూడా ఇన్ని ఆరాలు తియ్యరని గదిలో నవ్వుకునేవాళ్లు. అతనూ నవ్వేవాడు గానీ అడగడం మానేవాడు కాదు. గట్టిదేనా అని ఎవరైనా అడిగితే అతనికి చిరాకు. దేనికి గట్టి, ఎంతకాలం గట్టి అని అడగమనేవాడు.

అలాంటివాడు సొంత చెల్లెలి దగ్గరికి వచ్చేసరికి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

చెల్లెలికి పసితనంలో పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. తొడ నుంచి మడమ దాకా కాలికి చెరో పక్కా ఉక్కు కడ్డీలు, మోకాలి దగ్గర బిగించి వదిలే మడతబందు, అక్కడక్కడ తోలు పట్టీలు. క్యాలిపర్ అంటారు దాన్ని. పెరిగిన కొద్దీ కొత్తది చేయించుకుంటూ వచ్చింది. అడుగు వేసినప్పుడల్లా నడుంతో విసిరితే గానీ ఆ కాలు ముందుకొచ్చేది కాదు. కాలు బరువైనా నోరు మాత్రం మహా చురుకు. వీధి చివర ఆమె నడక చప్పుడు వినిపించగానే వదిన కంచంలో అన్నం పెట్టేది, లోపలికొచ్చాక ఆలస్యమైతే ఏదో ఒకటి అని నవ్విస్తుందని.

చదువు పూర్తిచేసి ఆమె ఒక బడిలో సైన్సు టీచరుగా చేరింది. ల్యాబూ పెద్ద తరగతులూ మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. ఒకరోజు వంటింట్లో వదినతో, "మూడంతస్తులు ఎక్కేసరికి నోట మాట రావట్లేదు వదినా. నేను ఊపిరి తీసుకునేదాకా పిల్లలు నా మొహమే చూస్తూ కూర్చుంటున్నారు" అని చెప్పుకుంటుంటే, హాల్లో ఉన్న అన్న చెవిన పడింది.

అతను అప్పుడే లేచి లోపలికి వెళ్లి ఉంటే బాగుండేది. ఎక్కేటప్పుడు కష్టమా, దిగేటప్పుడా, ఏ పక్కకి ఒరుగుతావు, రోజుకెన్నిసార్లు ఎక్కుతావు అని అడిగి ఉంటే బాగుండేది. కానీ అతనికి ఆ క్షణాన తట్టింది వేరు. చెల్లెలికి తెలియకుండా చేసి ఆమెని ఆశ్చర్యపరచాలి. చిన్నప్పటి నుంచీ అతని ప్రేమంతా ఇలాగే ఉండేది, చాటుగా తెచ్చి ఒళ్లో పడేసి మొహం చూడటం.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంటే, గోడకి ఆనించిన క్యాలిపర్ తీసుకుని కొలతలన్నీ రాసుకున్నాడు. కడ్డీలకి అల్యూమినియం మిశ్రమం ఎంచుకున్నాడు. ఉక్కులో మూడోవంతు బరువు. లాగితే తెగదు, నొక్కితే వంగదు. ఇంకా తేలిక చెయ్యాలన్న యావలో కడ్డీలని సన్నగా చెక్కించాడు. మోకాలి బందు దగ్గర రివెట్లకి రంధ్రాలు తనే వేశాడు. పూర్తయ్యాక రెండు ఇటుకల దొంతుల మీద దాన్ని అడ్డంగా పెట్టి, డిజైన్ గదిలో ఇద్దర్ని పిలిచి, ముగ్గురూ కలిసి పైకెక్కి నిలబడ్డారు. వెంట్రుకవాసి కూడా కుంగలేదు. అరచేతిలో ఆడించి చూసుకున్నాడు. నవ్వు ఆగలేదు అతనికి.

చెల్లెలు దాన్ని కట్టుకుని హాల్లో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. వెనక్కి తిరిగి మళ్లీ నడిచింది. వదిన భుజం మీద మొహం పెట్టుకుంది. మర్నాడు సాయంత్రం బడి నుంచి వస్తూనే, "అన్నయ్యా, కాలు వెంట తెచ్చుకున్నానా, ఇంట్లో మర్చిపోయానా అని మధ్యమధ్యలో వంగి చూసుకోవాల్సొస్తోంది" అంది.

ఆ వానాకాలమంతా, తర్వాత చలికాలం సగందాకా ఆమెని పట్టలేకపోయారు. పాఠం అయ్యాక పిల్లల్ని మేడ మీదికి తీసుకెళ్లి నీడల పొడుగు కొలిపించేది. మరిచిపోయిన సుద్దముక్క కోసం కూడా కిందికి దిగి మళ్లీ ఎక్కేది. ఎక్కాల్సిన పని లేకపోయినా ఎక్కుతోందని ఆయా నవ్వేదట.

ఒకరోజు భోజనాల దగ్గర ఆమె, మోకాలి దగ్గర ఏదో కిర్రుమంటోందని, అదీ దిగేటప్పుడేనని చెప్పింది.

"కొత్త తోలు కదా. కాస్త నూనె రాయి, సర్దుకుంటుంది" అన్నాడు అన్న, కంచంలోంచి తల ఎత్తకుండానే.

"తోలు చప్పుడు నాకు తెలీదా? ఇది తోలు కాదు."

"ముగ్గురం ఎక్కి నిలబడ్డామే దాని మీద. నువ్వెంత, నీ బరువెంత?"

నవ్వింది. నూనె రాసింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అది జరిగిన మూడోవారమో నాలుగోవారమో, మూడో అంతస్తు నుంచి దిగుతుండగా మోకాలి కింద కడ్డీ పుటుక్కుమంది. ఆమె మెట్ల మీంచి కింది వంపుదాకా దొర్లిపోయింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. తుంటి దెబ్బతింది. అన్న ఆసుపత్రికి పరుగెత్తుకెళ్లేసరికి ఆమె మంచం మీద కళ్లు మూసుకుని ఉంది. మంచం కింద, ఆయా సంచిలో వేసి తెచ్చిన క్యాలిపర్ ఉంది.

అతను వరండాలోకి తీసుకెళ్లి విరిగిన చోటు చూశాడు. చూడకుండా ఉండలేడు, అది అతని వృత్తి. విరిగిన ముఖంలో చాలా భాగం నున్నగా ఉంది. దాని మీద గవ్వ చిప్ప మీద ఉన్నట్టు సన్నని వంపు గీతలు, ఒకదాని పక్కన ఒకటి. ఓ మూల మాత్రం గరుకుగా మెరుస్తోంది. ఆ మూల ఒక్కటే ఇవాళ విరిగింది. మిగతాదంతా రివెట్ రంధ్రం అంచున మొదలై, అడుగు అడుగుకీ ఇంత చొప్పున, ఎన్నో రోజులుగా చీలుతూ వచ్చింది. ఉక్కుకి ఒక మర్యాద ఉంది. దాని హద్దు దాటనంత బరువు అయితే ఎన్నిసార్లు వంచినా పట్టించుకోదు. అల్యూమినియంకి ఆ మర్యాద లేదు. ప్రతి చిన్న వంపునీ మనసులో పెట్టుకుంటుంది. ఆ సంగతి డిజైన్ గదిలో కొత్తగా చేరినవాళ్లకి చెప్పేది అతనే. ముగ్గురు మనుషులు ఒక్కసారి నిలబడటం ఒకటి, ఒక్క మనిషి రోజూ మెట్లు దిగడం ఇంకొకటి. బరువు చూశాడు గానీ ఎన్నిసార్లని చూడలేదు.

తర్వాత ఫ్యాక్టరీలో అతని పెద్దసారు ఆ ముక్కని చూసి, మీ చెల్లెలు రోజుకెన్ని మెట్లు ఎక్కి దిగుతుందని మాత్రం మెల్లగా అడిగాడు. అతనికి తెలీదు.

పడిన రోజు సాయంత్రమే చెల్లెలు కళ్లు తెరిచి అతన్ని చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు.

"చప్పుడొస్తోందని చెప్పాను కదా అన్నయ్యా" అంది.

అతను విరిగిన క్యాలిపర్‌ని సంచిలో పెట్టి మంచం కిందికి జరిపాడు. 

ఎముక అతికింది. పాత ఉక్కు క్యాలిపర్ మళ్లీ కాలికెక్కింది. ఆ బరువుతో, దెబ్బతిన్న తుంటితో మూడంతస్తులు ఎక్కడం కుదరని పని. కింది గదులన్నీ పసిపిల్లలవి. ల్యాబు కిందికి రాదు. బడివాళ్లు మంచివాళ్లే, ఆఫీసు గదిలో ఫోను దగ్గర కుర్చీ ఇచ్చారు. మొదట్లో పెద్ద తరగతి పిల్లలు గంట కొట్టగానే ఆమె బల్ల చుట్టూ చేరి సందేహాలు అడిగేవాళ్లు. వాళ్లు చదువు ముగించుకుని వెళ్లిపోయారు. తర్వాత వచ్చినవాళ్లకి ఆమె ఫోనెత్తే మేడం.

వీటన్నిటికంటే అతన్ని తొలిచేసిన సంగతి వేరే ఉంది. ఆ రోజు నుంచి చెల్లెలు అతనితో దేని గురించీ ఫిర్యాదు చెయ్యలేదు. వేళాకోళాలు ఆగలేదు, భోజనాల దగ్గర కబుర్లు తగ్గలేదు. నడుం నొప్పి అయినా, చెప్పు కరిచినా, జ్వరం వచ్చినా వదినకి చెప్పేది. అన్న అడిగితే, బాగుంది అనేది. ఎలా ఉన్నావన్నా బాగుంది, కాలెలా ఉందన్నా బాగుంది. ఆ ఒక్కమాట వింటుంటే, కళ్లముందే తలుపు మెల్లగా దగ్గరికి వేసినట్టుండేది అతనికి. ఫ్యాక్టరీలో మాత్రం పూర్వంకంటే రెట్టింపు ప్రశ్నలు అడిగేవాడు. యంత్రం దగ్గర నిలబడేవాణ్ణి పిలిపించి, ఏదైనా చప్పుడొస్తోందా, ఎప్పుడొస్తోంది, నీకేమనిపిస్తోంది అని అడిగి, చెవి ఒగ్గి వినేవాడు. ఇదేదో చాదస్తమని కొత్తవాళ్లు అనుకునేవాళ్లు.

ఏళ్లు గడిచాయి. కార్బన్ నారని పొరలు పొరలుగా జిగురుతో అతికించి పలకలు చెయ్యడం ఫ్యాక్టరీలోకి వచ్చింది. తేలిక, బిగువు, పైగా వంపులకి త్వరగా అలిసిపోదు. అతను మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి దాచలేదు. చెల్లెలి ఎదురుగా కూర్చుని అడగాల్సినవన్నీ అడిగాడు. ఆమె ఓపిగ్గా జవాబులిచ్చింది. మామూలే అన్నయ్యా. ఫరవాలేదు అన్నయ్యా. అన్నీ అలాంటివే. వదినని అడిగి, బడి గేటు దగ్గర నిలబడి ఆమె నడక చూసి, మిగతాది తెలుసుకున్నాడు. చేశాక మోకాలి బందుని ఒక యంత్రానికి తగిలించి, రాత్రింబవళ్లు వంచుతూ సాపు చేస్తూ వారాల తరబడి ఆడించాడు. ఎక్కడా గీత పడలేదు.

తెచ్చి ఆమె ముందు పెట్టాడు. చెల్లెలి జుట్టు అప్పటికి సగం నెరిసింది. ఎంత ముచ్చటగా ఉందో అంటూ తిప్పి తిప్పి చూసింది. కట్టుకుని లేచింది.

మొదటి అడుగుకే కాలు ఎగిరి ముందుకు పడింది. ఒళ్లు వెనకబడింది. రెండో అడుగుకి పక్కకి తూలింది. బల్ల పట్టుకుని నిలదొక్కుకుంది. మళ్లీ వేసింది, మళ్లీ అంతే. గోడదాకా వెళ్లి, గోడని పట్టుకునే వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఊపిరి ఎగపోస్తోంది.

"ఎలా ఉంది?" అన్నాడు అన్న.

"బాగుం..." అని ఆగింది. అతని మొహంలోకి చాలాసేపు చూసింది. "లేదన్నయ్యా. బాగాలేదు."

అతను దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"కాలు నాకంటే ముందు పోతోంది. ఇన్నేళ్లూ నడుంతో విసిరీ విసిరీ నడిచా కదా. ఈ నడుముకి ఇక ఆ బరువే కావాలి. అది లేకపోతే నేను నిలవలేను."

"నడవగా నడవగా అలవాటు..." అనబోయి, మాట మింగేశాడు.  "అప్పుడే ఇది చేసి ఉంటే?"

"అప్పుడైతే పరిగెత్తేదాన్ని" అంది.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ వదిన లోపలికి వెళ్లిపోయింది. అతను వంగి కార్బన్ క్యాలిపర్ పట్టీలు విప్పి పక్కన పెట్టాడు. గోడవార ఉన్న ఉక్కుది తెచ్చాడు. నేల మీద కూర్చుని ఆమె కాలు అందులో అమర్చి, మడమ దగ్గరి పట్టీ అందుకున్నాడు.

"అక్కడ కాదు. ముందు తొడ దగ్గరిది. కింది నుంచి కట్టుకొస్తే సాయంత్రానికి మోకాలు ఒరుసుకుపోతుంది."

"ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచో."

పెళ్లాం పిల్లల కంటే ముందు నుంచీ ఎరిగిన కాలు అది. ఆ పట్టీలకి ఒక వరస ఉందని అతనికి అప్పుడే తెలిసింది. మడమ దగ్గరిది వదిలేసి, తొడ పట్టీ కొక్కెంలోకి దూర్చి లాగాడు.

"బిగుసుకుందా?" అన్నాడు.

"బిగుసుకుంది. ఒక చిల్లు వదులు చెయ్యి."

వదులు చేశాడు.