తిన్నగా వచ్చిన బంతి

భీమవరంలో నా పూల్ పార్లర్ ఉన్న జాగా ఒకప్పుడు చేపల చెరువు. లారీలతో మట్టి తోలి పూడ్చి, రెండు వానాకాలాలైనా ఆగకుండా పైన గదులు కట్టేశారు. ఆ మట్టి ఇంకా దిగుతూనే ఉంది. నేల కుంగితే టేబుల్ వాలుతుంది, టేబుల్ వాలితే బంతి పక్కకు పోతుంది. అందుకని మా దగ్గర ఆట కుదరని ప్రతివాడూ ముందు నేలను తిడతాడు. నేను మేస్త్రీలు వాడే రసమట్టం, ఓ పానా ఎప్పుడూ చేతికందేచోట పెట్టుకుంటాను. టేబుల్ కాళ్ల కింద మరలుంటాయి. పానాతో తిప్పితే ఆ మూల కాస్త లేస్తుంది, లేదా దిగుతుంది. ఈ పనిలో నన్ను మించినవాడు లేడని అప్పట్లో నాకు మహా గర్వం.

నాకు ఆట నేర్పింది మా బావగారు, అక్క భర్త. రొయ్యల చెరువుల వాళ్లకు సలహాలు చెప్పే ఉద్యోగం ఆయనది. మధ్యాహ్నం భోజనం చేశాక, మళ్లీ చెరువుల మీదకు వెళ్లేలోపు ఓ గంట పార్లర్‌లో గడిపేవారు. ఆయన నేర్పింది ఒకటే పాఠం, తెల్లబంతిని సరిగ్గా మధ్యలో కొట్టడం. టేబుల్ మీద వేరే బంతులేవీ ఉండకూడదు. తెల్లబంతిని ఈ చివర పెట్టి తిన్నగా అవతలి అంచుకేసి కొట్టాలి. మధ్యలో తగిలితే అది వెళ్లిన దారినే వెనక్కొచ్చి కర్ర కొసకు తగులుతుంది. వెంట్రుకవాసి కుడికి తగిలినా తిరిగి వచ్చేటప్పుడు కుడికి మళ్లిపోతుంది.

"బంతి అబద్ధం చెప్పదురా. ఎక్కడ కొట్టావో అదే వచ్చి చెబుతుంది," అనేవారు. నాది ఆర్నెల్లపాటు పక్కలకే పోయింది. "నీ బంతీ మీ అక్కా ఒకటే, పిలిచినవైపు రారు," అని నవ్వేవారు. ఆయన బంతి మాత్రం పదిసార్లు కొడితే పదిసార్లూ కొసకే వచ్చేది.

నిరుడు శ్రావణంలో ఆయన బంతి కుడికి రావడం మొదలైంది. మొదట బెత్తెడు తేడా. "నీ నేల మళ్లీ కుంగిందిరా," అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఆయన వెళ్లాక రసమట్టం పెట్టి చూస్తే బుడగ కదలకుండా మధ్యలో నిలబడింది. నేను కొట్టిన బంతి తిన్నగా వచ్చింది.

అప్పుడే నోరు తెరవాల్సింది. కానీ మా ఇంట్లో అల్లుడుగారు కూరలో ఉప్పు తక్కువైందంటే, సరిపోయిందని తెలిసినా ఇంకో చిటికెడు కలిపి తెస్తారు. అదే మర్యాద అనుకుంటాం. ఆయన టేబుల్ వాలిందంటే వాలినట్టే. పైగా, నిజం చెప్పాలంటే, ఆయన తప్పుతుంటే నాకు లోలోపల సంతోషంగా కూడా ఉండేది.

రెండు వారాల్లో బెత్తెడు జానెడైంది. కళ్లజోడు మాటిమాటికీ తుడుచుకునేవారు. గ్లాసులో పోయబోయిన నీళ్లు బల్ల మీద పోశారు. ఒకరోజు తన కర్రను పైకెత్తి చూసి, "ఇది వంకరపోయిందేంట్రా, వేరేది ఇవ్వు," అన్నారు. దాన్ని టేబుల్ మీద దొర్లించి చూశాను. ఎక్కడా వంకర లేదు. ఆయనకు పదేళ్లుగా షుగరు. ఆ మధ్యాహ్నం ఆయన బండెక్కి వెళుతుంటే, రెండు పక్కలా నీళ్లున్న ఆ చెరువు గట్లు గుర్తొచ్చి భయమేసింది. రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు ఆయన రాగానే, "రండి బావగారూ, టీ తాగుతారా అండి?" అన్నాను తప్ప ఇంకేమీ అనలేకపోయాను.

ఆ వారమే కర్ర టేబుల్ మీద పడేసి, "నా పనైపోయిందేమోరా," అన్నారు. ఆ ముఖం నేను చూడలేకపోయాను. మర్నాడు ఆయన రాకముందే కుడివైపు కాళ్ల మరలు తిప్పి ఆ అంచు లేపాను. ఎంత లేపితే ఆయన బంతి వాలుకు ఎడమకు జరిగి సరిపోతుందో నాలుగైదుసార్లు కొట్టి చూసుకున్నాను. ఆయన వచ్చి కొట్టారు. బంతి తిన్నగా కొసకే వచ్చింది.

"చూశావా! నేను చెప్పలా, టేబుల్‌దే లోపమని!" అని నా వీపు చరిచారు. అక్క కళ్ల డాక్టరు దగ్గరికి రమ్మని అప్పటికి వారం రోజులుగా పోరుతోందట. పార్లర్‌లోంచే అక్కకు ఫోన్ చేసి, "అక్కర్లేదు, నా చూపు బాగానే ఉంది," అని చెప్పేశారు. పానా ఇంకా నా జేబులోనే ఉంది.

ఆ తర్వాత వారానికోసారి ఇంకాస్త లేపేవాణ్ని. ఆయన వెళ్లగానే మిగతావాళ్ల కోసం దించేవాణ్ని. అలా నాలుగు నెలలు. రోజూ ఆయన సంతోషంగా వెళ్లేవారు, రోజూ నాకు అన్నం సహించేది కాదు.

ఒక ఉదయం ఆయన గడ్డం గీసుకుంటూ ఎడమకంట్లో సబ్బు పడితే మూసుకున్నారట. కుడికంటితో చూస్తే ఎదురుగా తువ్వాలు పట్టుకు నిలబడ్డ అక్క ముఖం ఉండాల్సిన చోట మసక తప్ప ఏమీ లేదు. అదే రోజు ముగ్గురం రాజమండ్రి వెళ్లాం. డాక్టరు గళ్ల కాగితం చూపించి గీతలు ఎలా ఉన్నాయని అడిగారు. ఎడమకంటికి కాస్త వంకరగా ఉన్నాయండి, కుడికంటికి మధ్యలో గీతలే లేవండి, అన్నారు బావగారు. షుగరు వల్ల కంటిలో నడిమిభాగం వాచిందని, ఇంజెక్షన్లతో ఎడమకన్ను కాపాడొచ్చని, కుడికంటిలో పోయింది ఇక రాదని డాక్టరు చెప్పారు. వంకర మొదలైనప్పుడే రావాల్సిందన్నారు.

బయట బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. అక్క నావైపు తిరిగింది. "రోజూ ఎదురుగా ఉండేవాడివి. నీకు ఒక్కరోజైనా తేడా కనపడలేదేంట్రా?"

మందుచుక్కలు వేసిన కళ్లు తెరవకుండానే బావగారు నా చెయ్యి వెతికి పట్టుకున్నారు.

"వాణ్నెందుకే అంటావ్?" అన్నారు. "నా బంతి తిన్నగానే వచ్చేదిగా. వాడికెలా తెలుస్తుంది?"