ఏట్లో ఇంకా రెండు రోజులు

పన్నెండేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. మింగుడుపడదు, బయటికి రాదు. మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దేవుడి ముందు కూర్చున్నా దాని పక్కనుంచి తప్పుకునే వెళ్లాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ముఖం తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యం నాకు లేదు, ఇక రాదు కూడా.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మళ్లీ నసుగుతాను. నా వల్ల ఒక ముసలాయన చనిపోయాడు. ఆ నింద ఒక ఆడమనిషి మీద పడింది. పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. కాదు, ఇది కూడా తప్పించుకునే వాక్యమే. పడేలా చేశాను.

విశాఖపట్నంలో ఒక ఆడపిల్లల కాలేజీలో హోంసైన్సు చెబుతాను. నాకు టైంటేబుల్ పిచ్చి. వారం మొత్తంలో ఏ పూట ఏ కూరో ఆదివారం నాడే రాసి వంటింటి తలుపుకి అంటిస్తాను. "కాగితం చదివితేనే కడుపు నిండిపోయింది, ఇక వండక్కర్లేదు" అని మా ఆయన ఏడిపించేవారు. నేను నవ్వేదాన్ని కాదు. ఆ పిచ్చి ఒక గొప్పగుణమని అప్పట్లో నా నమ్మకం.

తొంభైల మధ్యలో, ఒక దసరా సెలవులకి, మా స్టాఫ్‌రూమ్ ఆడవాళ్లం ఎనిమిది మందిమి వ్యాను మాట్లాడుకుని ఏజెన్సీ తిరిగిరావాలనుకున్నాం. అరకు రైలెక్కి బొర్రా గుహలు చూసి ఫొటోలు దిగి రావడమేనా, అక్కడి మనుషులు ఏం తింటారో, ఎలా వండుకుంటారో చూడొద్దా అని అందరినీ రెచ్చగొట్టింది నేనే. వారం రోజుల ప్లాను వేసిందీ నేనే. సోమవారం ఘాట్ ఎక్కి అనంతగిరి, తర్వాత రెండు రాత్రులు అరకులో మకాం, గురువారం మధ్యాహ్నం ఒక కొండ ఊళ్లో భోజనం, శుక్రవారం పాడేరు సంత, అక్కడినుంచి చింతపల్లి, సీలేరు, డొంకరాయి, ఆఖరి రోజు అడ్డతీగల మీదుగా కిందకి. ప్రతి రోజుకీ ఎదురుగా ఆ రోజు తినబోయేది. రాగి అంబలి, సామల అన్నం, ఎండు వెదురు మొలకల కూర. టైపు చేయించి ఎనిమిది జిరాక్సులు తీయించి అందరికీ పంచాను. గురువారం గడిలో 'చేదు దుంప' అని పెద్ద అక్షరాలతో ఉంది. నా యాత్రకి అదే మణిపూస.

ఆ దుంప సంగతి నాకు చెప్పినామె పేరు కాసులమ్మ. ప్లాను కోసం ముందుగా ఒకసారి ఒంటరిగా అరకు వెళ్లినప్పుడు సంతలో పసుపు అమ్ముతూ కనిపించింది. నలభై దాటి ఉంటాయి, మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఊరికే నవ్వే మనిషి. మాటల్లో మాటగా వానాకాలం గింజలైపోతే ఏం తింటారని అడిగితే, నన్ను వాళ్ల ఊరికి తీసుకువెళ్లి చూపించింది. అడవిలో తవ్వి తెచ్చిన దుంపని పల్చగా కోసి, ఉడికించి, వెదురు బుట్టలో పోసి, మూతికి ఆకులు కట్టి, ఏట్లో నీరు జోరుగా పారేచోట రాళ్ల మధ్య పెడతారు. అయిదు రోజులు. రోజూ వెళ్లి కలియబెట్టాలి. ఆఖర్న ఒక ముక్క నాలుక మీద పెట్టుకోవాలి. జిల పుడితే బుట్ట మళ్లీ నీళ్లలోకే. "పచ్చిది తింటే అడివి పందయినా సస్తాది" అని నవ్వింది. నేను పుస్తకంలో అంతా రాసుకున్నాను. 'అయిదు రోజులు' కింద రెండు గీతలు కూడా గీశాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

శనివారం బుట్ట వేస్తానంది. గురువారం మధ్యాహ్నం వస్తామన్నాను. అంతా లెక్క ప్రకారమే ఉంది.

బుధవారం పొద్దున్నే అరకు గెస్ట్‌హౌస్‌లో గదులు ఖాళీ చేయమన్నారు. ఎవరో పెద్ద ఆఫీసరు కుటుంబంతో వస్తున్నాడట. నాకు ఒళ్లు మండిపోయింది. నా ప్లాను మీద ఎవడో కాలు పెట్టినట్టనిపించింది. సరే, గురువారం చేయాల్సింది బుధవారమే చేసేద్దాం, అంతే కదా అన్నాను. అలా తొమ్మిదింటికల్లా వ్యాను కాసులమ్మ ఊరి ముందు ఆగింది. మిగతావాళ్లు కాళ్లు సాగదీసుకుంటూ దిగేలోపు నేను ముందుగా ఆమె ఇంటికి నడిచాను.

"ఇయ్యేల బుధవారం గదా! లచ్చింవారం వొత్తానన్నావు. ఏటైందమ్మా?" అంది.

"ప్రోగ్రాం ఒక రోజు ముందుకి జరిగింది కాసులమ్మా. దుంపలు తీసెయ్."

"తీసీకూడదు. శనివారం ఏరు పొంగీసింది, బుట్ట ఎయ్యలేకపోనాను. ఆదివారం ఏసినాను. ఏట్లో ఇంకా రెండ్రోజులు ఉండాల. కోడిని కోసెత్తాను, సామలన్నం వొండుతాను. దుంప మాత్రం వొద్దు."

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. కోడికూర తిని వచ్చేసేవాళ్లం. కానీ వెనక మావాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. "ఏదీ మీ మణిపూస?" అని ఒకావిడ అరుస్తోంది. సోమవారం నుంచి ఆ దుంప గురించి వాళ్ల చెవులు తినేశాను. ఇప్పుడెళ్లి కోడికూరతో సరిపెట్టుకోండి అని ఎలా చెప్పను? ఇంత చిన్న సిగ్గు కోసమా? అవును, ఇంత చిన్న సిగ్గు కోసమే.

నా మొండితనం చూసి కాసులమ్మ ఏటికి వెళ్లి, బుట్టలోంచి ఒక ముక్క తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. నాలుక మీద పెట్టుకున్నాను. గొంతుదాకా చిమచిమలాడింది.

"జిల ఉన్నాది గదా?"

"కొంచెం ఉంది. కందకీ ఉంటుంది జిల. చింతపండు పులుసు చిక్కగా పోసి ఉడికించు, పోతుంది. మా దగ్గర అలాగే చేస్తాం."

"ఇది కంద కాదమ్మా."

"పిల్లలకి వంటలు నేర్పేదాన్ని, నాకు తెలియదా?"

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. "సదువుకున్నదానివి. నీకు తెలిసే ఉంతాది" అంది. వెటకారంగా కాదు. నమ్మి అంది.

నేను చెప్పినట్టే వండింది. దించేముందు ఒక ముక్క నాలుక మీద పెట్టుకుని "పోయిందమ్మా జిల! నిజివే!" అని చిన్నపిల్లలా సంబరపడింది. పులుపు జిలని కప్పేసింది, అంతే. విషం విషంలాగే ఉంది. వాళ్ల అమ్మలూ అమ్మమ్మలూ ప్రాణాలు కాపాడుకోవడానికి దాచుకున్న పరీక్ష ఒక్కటే, నాలుక. దాన్ని నేను చింతపండుతో గుడ్డిదాన్ని చేశాను. పక్కింట్లో ఆమె బావగారు లచ్చన్న ఉండేవాడు. పళ్లు లేని ముసలాయన, మెత్తటివీ పుల్లటివీ ఇష్టం. ఆయనకి ఒక అడ్డాకు దొన్నె నిండా తనే తీసుకెళ్లి ఇచ్చింది. తనూ తింది. మావాళ్లు ఏడుగురూ లొట్టలేసుకుంటూ తిన్నారు.

నేను తినలేదు.

ఇది మా ఆయనకి కూడా తెలియదు. కడుపులో బాగాలేదన్నాను, రెండు ముక్కలు ఆకులో అటూ ఇటూ కదిపాను, ఆకు మడిచేశాను. ఎందుకు తినలేదు? చింతపండుతో పోతుందని నిజంగా నమ్మి ఉంటే తినాలి కదా. నమ్మకపోతే వాళ్లని ఎలా తిననిచ్చాను? పన్నెండేళ్లుగా ఈ ప్రశ్న దగ్గరికి వస్తాను, ఆగిపోతాను. నమ్మానని మనసు చెబుతుంది. మడిచిన ఆకు కాదంటుంది. నాకు ఆకు మాటే నిజమనిపిస్తుంది.

పాడేరు దారి పట్టిన గంటకల్లా ఒకరి తర్వాత ఒకరికి వాంతులు మొదలయ్యాయి. కళ్లు తిరిగాయి, నోరు మొద్దుబారింది, ఒకావిడకి మాట తడబడింది. వ్యాను వెనక్కి తిప్పించి అరకు లోయలోని ఆస్పత్రికి చేర్చాను. రెండు రోజుల్లో ఏడుగురూ లేచి కూర్చున్నారు. "నువ్వొక్కదానివే గట్టిగా నిలబడ్డావు, నువ్వు లేకపోతే మేం లేం" అని చేతులు పట్టుకుని ఏడ్చారు. స్టాఫ్‌రూమ్‌లో ఇప్పటికీ కొత్తవాళ్లకి ఆ కథ చెబుతారు. నేను తల వంచుకుంటాను. వినయం అనుకుంటారు.

లచ్చన్న లేవలేదు. గురువారం తెల్లవారేసరికి పోయాడు. కాసులమ్మ మాత్రం రాత్రంతా కక్కి తేరుకుందట.

శుక్రవారం ఆ ఊరి పెద్ద, ఇంకో ఇద్దరు మనుషులు ఆస్పత్రికి నడిచి వచ్చారు. కబురు తెలిసి అప్పటికే మా ప్రిన్సిపాల్ కింద నుంచి వచ్చి నా పక్కనే నిలబడి ఉంది. ఊరి పెద్ద గట్టిగా మాట్లాడలేదు. తగువుకి రాలేదు. అడగడానికి వచ్చాడు.

"కాసులమ్మ మూడు దినాలకే తీసీసినానంతంది. నువ్వు బేగి తీయమన్నావంతంది, సింతపండు నువ్వే పొయ్యమన్నావంతంది. మా ఊరోళ్లు నమ్మట్లేదు. నువ్వు సెప్పమ్మా. నువ్వు సెప్పిందే మాట."

నువ్వు చెప్పిందే మాట. ప్రిన్సిపాల్ నా వైపు తిరిగింది. ఏడుగురు లెక్చరర్లు మంచాల మీద ఉన్నారు. హోంసైన్సు లెక్చరర్ విషం వండించి పెట్టిందని తెలిస్తే నా ఉద్యోగం ఏమవుతుంది, నా పేరు ఏమవుతుంది?

"లేదు" అన్నాను. "అయిదు రోజులూ ఏట్లో ఉన్నాయని ఆమే నాతో చెప్పింది. నేనేం తీయమనలేదు."

అంటూ అంటూనే ఒక సమాధానం చెప్పుకున్నాను. పద్ధతి ప్రకారమే చేసిందని చెబుతున్నాను కదా, ఆమెకీ మంచిదే కదా అని. ఛీ, మనసుకి ఎన్ని వేషాలో!

ఊరి పెద్ద తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "అయిదు దినాలు ఏట్లో ఉన్న దుంప మనిసిని సంపదు. అయితే ఇది దుంప పని కాదు."

అంతే. దండం పెట్టి వెళ్లిపోయారు. ఆ మాటకి అర్థం నాకు తెలియలేదని చెప్పుకున్నాను చాన్నాళ్లు. దుంప చంపకపోతే ఇంకెవరు చంపినట్టు? వండి తెచ్చి ఇచ్చిన చెయ్యి. చేతబడిని అక్కడ చిల్లంగి అంటారు. ఆ ఊళ్లో ఎవరికీ కాసులమ్మ మీద కోపం లేదు. ఏటి లెక్క తప్పిందంటే ఆమెని తిట్టి ఊరుకునేవారు. లెక్క సరిపోయిందని చెప్పి నేనే వాళ్లకి వేరే దారి లేకుండా చేశాను. పైగా ఆమె నిజం చెబితే అది అబద్ధమైంది. ఆ పని చేసే మనిషే కదా అలా బొంకుతుంది అనుకున్నారట.

ఇదంతా నాకు రెండు నెలల తర్వాత, అదే ఆస్పత్రిలో పనిచేసే ఒక నర్సు ఉత్తరం వల్ల తెలిసింది. కాసులమ్మని ఎవరూ కొట్టలేదట. ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ నిప్పు ఇవ్వలేదు, ఆమె చేతి నీళ్లు తాగలేదు. ఒకరోజు మూట కట్టుకుని డొంకరాయి వైపు ఉన్న అక్క కూతురి దగ్గరికి వెళ్లిపోయిందట. ఆ ఉత్తరం చదివి అప్పటికప్పుడు బస్సెక్కి ఉండొచ్చు. ఎక్కలేదు. సగం సిలబస్ మిగిలిపోయి ఉంది, సంక్రాంతి సెలవుల్లో వెళ్తానని టైంటేబుల్లో రాసుకున్నాను. అవును, రాసుకున్నాను. వెళ్లలేదు.

వెళ్లడానికి ఏడేళ్లు పట్టింది. అరకు నిండా టూరిస్టు బస్సులు, రోడ్డు పక్కన వెదురు బొంగుల్లో కోడి కాలుస్తున్నారు. కాసులమ్మ ఇంటి గోడలు సగం కరిగిపోయాయి. ఊరి పెద్ద లేడు. ఆయన కోడలు నన్ను గుర్తుపట్టలేదు. ఏట్లో బుట్టలేవీ లేవేమని అడిగాను. "ఆ దుంప మేం ముట్టుకోవమ్మా. సిల్లంగి దానికే పట్టీసినాది, అయిదు దినాలు ఏట్లో ఉన్నా మనిసిని సంపీసింది గదా. వానల్లో గింజలైపోతే పస్తే" అంది. అంత మామూలుగా అంది. అంటే నా అబద్ధం కాసులమ్మతో ఆగలేదు. వాళ్ల కరువు కూడు కూడా లాగేసుకుంది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? నోరు తెరిచాను. మంచినీళ్లు అడిగాను.

అక్కడినుంచి డొంకరాయి వెళ్లాను. అక్క కూతురు వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడింది. కాసులమ్మ అప్పటికి రెండేళ్ల కిందటే జ్వరంతో పోయింది. "మా పిన్నికి వొంటంటే పేనం. ఈడకొచ్చినాక పొయ్యి ముట్టుకోలేదు. పిల్లలకి ముద్ద కలిపి పెట్టమన్నా సెయ్యి ఎనక్కి తీసీసేది" అంది. ఎందుకో అడగలేదు నేను. ఆ పిల్లా చెప్పలేదు.

ఇప్పుడు ఎవరికి చెప్పాలి? వినాల్సినవాళ్లు లేరు. ఉన్నవాళ్లకి ఈ కాగితం చేరదు, చేరినా నా పేరు లేదు, పేరు పెట్టే గుండె నాకింకా లేదు. ఇది రాసినందుకు ఏదో కడిగేసుకున్నానని మీరనుకోవద్దు, నేనూ అనుకోవడం లేదు. పన్నెండేళ్లలో మొదటిసారి ఆ మాట నా గొంతులోంచి కాగితం మీదకి దిగింది, అదొక్కటే.

కాసులమ్మ అబద్ధం చెప్పలేదు. ఆదివారం వేసింది, బుధవారం తీసింది. మూడు రోజులే. తీయమన్నది నేను.