ట్యూబ్‌లైట్ స్విచ్చులో నీలి మెరుపు

పొద్దున వికారాబాద్‌లో మా ఇంటి పాత ట్యూబ్‌లైట్ తీసేశారు. దాని పట్టీలోని బరువైన చోక్ చేతికి రాగానే చిన్ననాటి తాండూరు ఇల్లు గుర్తొచ్చింది. లైటు ఆపినప్పుడు స్విచ్చులో నీలి మెరుపు వచ్చేది, మీకూ గుర్తుందా?

"అబద్ధాలు చెప్పేటోల్లకే గట్ల మెరుస్తది" అనేది నాయనమ్మ. నేను రోజూ భయపడుతూనే ఆపేదాన్ని.

ఈ మాట చెబితే ఇంటర్ చదివే మా బిడ్డ నవ్వింది. "చోక్‌ల ఉన్నది తీగ చుట్టనే అమ్మా. అండ్ల కరెంటు మెల్లగ పెరుగుతది, మెల్లగనే తగ్గుతది. టక్కున ఆపితె ఆగలేక మెరుస్తది. ఎవ్వలు ఆపినా అంతే."

ఇన్నేళ్లకు గుండెల మీది బరువు దిగింది. అప్పుడే ఇంకోటి గుర్తొచ్చింది. నాయనమ్మ ఏనాడూ ఆ స్విచ్చు ముట్టలేదు. లైటు ఆపడానికి ఎప్పుడూ నన్నే పిలిచేది.