గాలి లేని పూట కొట్టిన మందు

అసలు మా ఆయన్ని చూసి నవ్వాలనుకుంటే మీరు ముందు నాతో మొదలుపెట్టాలి. ఈ వీధిలో అందరికంటే పెద్ద ముక్కున్నదాన్ని నేనే మరి. వసంతంలో పట్టుపురుగులు ఇంటికొచ్చాక మా అతిథుల గది వాటిది, వరండా మాది. వాటికి ఘాటు వాసన పడదు, అందుకే ఉల్లిపాయలు వేయించడం బంద్. అత్తరు పూసుకొచ్చిన కొత్త కోడళ్ళని గుమ్మం దగ్గరే వాసన చూసి వెనక్కి పంపేస్తాను. అలాంటి నా ఇంట్లోకి విషం వస్తే, కిటికీ తెరిచి మరీ పిలిచింది నేనే.

మా ఆయన పేరు ఎగంబెర్ది. మా వైపు పొలాలకి మందు కొట్టేది ఆయనే. పెళ్ళిచూపుల్లో ట్రాక్టరు నడుపుతాడని చెప్పారు. ట్రాక్టరు వెనకాల డబ్బా మోసుకుంటూ నడుస్తాడని తర్వాత తెలిసింది. అప్పటికే నేను వాళ్ళ పెరట్లో రొట్టెలు కాలుస్తున్నాను. నెమ్మదైన మనిషి, మేకని కూడా గట్టిగా అదిలించడు. ఒక్క గాలి విషయంలోనే ఆయనకి గర్వం. మందు కొట్టే ముందు గుప్పెడు దుమ్ము తీసి వదులుతాడు. అది తిన్నగా కాళ్ళ మీద పడితేనే డబ్బా భుజానికెత్తుతాడు. ఎవరి మల్బరీ చెట్టు మీదా ఒక్క చుక్క పడనిచ్చిన మనిషి కాదు.

మొన్న పురుగులు నాలుగోసారి కుబుసం విడిచి, వాన పడుతున్నట్టు చప్పుడు చేస్తూ ఆకు తింటున్నాయి. ఇంకో వారం బతికితే గూళ్ళు కడతాయి. పోయాయంటే నా వసంతమంతా పోయినట్టే. ఆ సాయంత్రం మా గోడ అవతల పత్తి మొలకలకి పేనుబంక పట్టిందని ఈయన మందు కొట్టాడు. ఎక్కడా ఆకు కదల్లేదు.

“చూశావా, నీ పురుగులకి తుమ్ము కూడా రాదు,” అన్నాడు చేతులు కడుక్కుంటూ.

మర్నాడు మధ్యాహ్నం ఎండ మండిపోయింది. పాపం పురుగులకి ఉక్కపోస్తుందని పొలం వైపు కిటికీలు బార్లా తెరిచాను. కాసేపటికి తట్టల్లో చప్పుడు ఆగిపోయింది. వెళ్ళి చూస్తే పురుగులు తలలెత్తి ఊగుతున్నాయి. నోటివెంట పచ్చటి నీళ్ళు.

నా తెలివి చూడండి. నాకు వెంటనే గుర్తొచ్చింది పక్కింటి బిబిసోర. పొద్దున గుమ్మంలోంచి తొంగిచూసి, “ఎంత బలిశాయే వదినా!” అని వెళ్ళింది. దిష్టే అనుకున్నాను. కిటికీలు అలాగే వదిలేసి, దిష్టి పోవడానికి వేసే ఇసిరిక్ ఆకు కాల్చి గదంతా పొగ పెట్టాను. ఉన్న విషం చాలదన్నట్టు.

పొగ చూసి బిబిసోర పరిగెత్తుకొచ్చింది.

“ఏంటి వదినా, ఇల్లంటుకుందా?”

“నీ కళ్ళు అంటుకున్నాయే!”

“మీ ఆయన డబ్బా వదిలేసి నా కళ్ళ మీద పడ్డావేం?”

వరండాలో కునుకు తీస్తున్న మా ఆయన లేచొచ్చాడు. “నిన్న గాలే లేదు కదా, డబ్బా ఏం చేసింది?” అంటూనే కిటికీ దగ్గర ఆగిపోయాడు. ముక్కెగరేసి పీల్చాడు. గోడ దాకా వెళ్ళి మళ్ళీ పీల్చాడు.

“పొద్దున ఈ వాసన లేదు. ఇప్పుడు లేస్తోంది.”

అంత ముక్కున్నదానివి, నీకు తెలియలేదా అంటారా? పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన చొక్కాలు ఉతుకుతున్నాను. నా ముక్కుకి అది మందు వాసన కాదు, మొగుడి వాసన.

“కొట్టింది నిన్న కదండీ?” అన్నాను.

తీగ మీద ఆరేసిన దుప్పటి చూపించాడు. “పొద్దున నీళ్ళు కారుతూ ఉంది. ఇప్పుడు పొడిగా ఉంది. ఆ నీళ్ళెక్కడికి పోయాయి?”

“గాల్లోకి.”

“మందూ అంతేనే. ఆకుల మీదా మట్టి మీదా పడుంది కదా, ఎండకి ఆవిరై లేస్తోంది. నేను చుక్కలకి కాపలా కాశాను. ఆవిరి గోడ దూకొచ్చింది.”

“ఇన్నేళ్ళుగా కొడుతున్నావు, ఇప్పుడా తెలిసింది, అన్నా?” అంది బిబిసోర.

“ఇన్నేళ్ళూ మధ్యాహ్నాలు నిద్రపోయాను చెల్లెమ్మా.”

కిటికీలు మూసేశాం. ముగ్గురం కలిసి తట్టలన్నీ కాలవ వైపున్న వంటింట్లోకి మోశాం. గోడ పక్కన కోసిన ఆకంతా పారేశాం. సగం పురుగులు పోయాయి. మిగిలినవి సాయంత్రానికి మెల్లగా ఆకు కొరకడం మొదలుపెట్టాయి.

కానీ అదే పొలానికి రేపు రెండో విడత మందు. ఇంకోసారి ఆ ఆవిరి తగిలితే ఈ సగమూ మిగలవు. గూళ్ళు కట్టేదాకా ఆగమని పొలం యజమాని మహ్కాం గారిని అడిగి రమ్మని ఈయన్ని సైకిలెక్కించాను. చాలాసేపటికి తిరిగొచ్చాడు, సైకిలుకి రెండు వైపులా మల్బరీ కొమ్మలు కట్టుకుని.

“అడిగారా?”

“కాలవ అవతల ఆకు భలే ఉందే! మందు వాసనే లేదు.”

“మహ్కాం గారిని అడిగారా?”

“వెళ్ళాను. పలావు తింటున్నారు. రా, కూర్చో అన్నారు. కూర్చున్నాను.”

“తిన్నారా?”

“తిన్నాను. పిలిచి తిండి పెట్టిన మనిషితో, మీ పొలానికి మందు కొట్టనని ఎలా అంటానే?” అన్నాడు కొమ్మలు విప్పుతూ. “రేపు డబ్బా ఎత్తే ముందు అడుగుతాలే.”

ఆఖరి కొమ్మ కింద పడగానే నేను సైకిలు వీధి వైపు తిప్పి, హ్యాండిలు ఆయన చేతిలో పెట్టాను.