తప్పెట మోగని సందు

జమ్మలమడుగులో షంషాద్ బీ ఇల్లెక్కడ అని అడిగితే సగం మందికి తెలియదు. గుర్రమక్క ఇల్లు అంటే మాత్రం బస్టాండులో టీ కాచే మనిషి కూడా గ్లాసు పక్కన పెట్టి దారి చెబుతాడు. జట్కా తోలే భర్త పోయాక, జట్కా ఎక్కేవాళ్ళు కూడా లేకుండా పోయాక, ఆమె బండి అమ్మేసి తెల్లటి ఆడగుర్రాన్ని మాత్రం ఉంచుకుంది. దాని పేరు చాందినీ. పెళ్ళికొడుకుల్ని మెరవణిలో మోయడం దాని పని. ఆడమనిషి కళ్ళెం పట్టుకుని మెరవణి ముందు నడవడమేమిటని బుగ్గలు నొక్కుకున్నవాళ్ళే తర్వాత తమ కొడుకుల పెళ్ళిళ్ళకు ఆమె గడప ఎక్కారు. ఆమె ఎవరినీ దెప్పలేదు. నోరు మంచిదేమీ కాదు కాబట్టి, దెప్పకుండా ఉండటానికి బాగానే కష్టపడి ఉంటుంది.

చాందినీకి నాట్యం ఎవరూ పనిగట్టుకుని నేర్పలేదు. అదే సందు చివర నారాయణ ఉంటాడు, నలుగురు మనుషుల తప్పెట మేళం అతనిది. సాయంత్రం పూట తప్పెట మంట మీద కాచి అతను సాధన మొదలుపెడితే, కొట్టంలో కట్టేసిన చాందినీ తనంతట తానే కాళ్ళెత్తేది. అట్లా కుదిరింది జోడీ. తప్పెట వినబడితే చాలు, నోట్లో మేత ఉన్నా దాని కాళ్ళు ఊరుకోవు.

నిరుడు మాఘమాసంలో పులివెందులలో ఒక పెద్ద రైతు ఇంటి పెళ్ళి. సిమెంటు రోడ్డు మీద ఇంకొక్క దరువు, ఇంకొక్క దరువు అంటూ కుర్రకారు వదల్లేదు. మెరవణి సగంలో నారాయణ వాయిస్తూనే షంషాద్ బీ పక్కకు వచ్చాడు.

"అక్కా, తాళం తప్పుతాంది. ఎడమ ముందరకాలు రవంత ఆలస్యంగా పడతాంది సూడు."

"నీ తప్పెట సంగతి నువ్వు సూసుకోప్పా. నా గుర్రం సంగతి నాకు తెలీదా?"

నారాయణ మేళంలోకి వెనక్కి పోయాడు. తానన్న ఆ మాట ఎన్ని నెలలు తన గొంతులో ముల్లులా ఉండబోతోందో ఆమెకు అప్పుడు తెలియదు.

మర్నాటికి కాలు వాచింది. జట్కా వాళ్ళ ఇళ్ళల్లో తాతల నాటి నుంచీ ఒక నమ్మకం ఉంది, కాలి నరం వదులైతే ఏటి ఇసుకలో నడిపిస్తే బిగుస్తుందని. షంషాద్ బీ రోజూ పొద్దున్నే చాందినీని పెన్నలోకి దింపి, మడమలు కూరుకుపోయే ఇసుకలో అటూ ఇటూ నడిపించింది. ఎనిమిదో రోజుకు మోకాలి కింద వెనకవైపు అరటికాయలా ఉబ్బింది. చాందినీ ఆ కాలు నేల మీద మోపడం మానేసింది. వాత పెట్టించమని ఎవరో సలహా ఇచ్చారు. భర్త బతికుండగా, చాందినీకి ముందున్న జట్కా గుర్రానికి పెట్టించిన వాత, కాలిన చర్మం వాసన ఆమెకు గుర్తొచ్చాయి. ఆ గుర్రం మళ్ళీ నడవలేదు. ఆమె మినీ లారీ మాట్లాడుకుని, చాందినీని మెల్లగా ఎక్కించి, ప్రొద్దుటూరులో పశువుల డాక్టరమ్మ నందిని దగ్గరికి తీసుకుపోయింది.

నందిని స్కానింగు తెర మీద ఒక నల్లటి మచ్చ చూపించింది. "ఇది నరం కాదమ్మా, కండను ఎముకకు కట్టి ఉంచే తాడు. మధ్యలో చిరిగింది. ఇసుకలో గానీ నడిపించారా?"

"ఎనిమిది దినాలు."

"కాలు దిగబడేకొద్దీ ఆ తాడు ఇంకా సాగుతుంది," అంది నందిని. తిట్టి ఉంటే బాగుండేదని షంషాద్ బీ ఇప్పటికీ అంటుంది.

ఆ రోజే చాందినీ మెడనరం నుంచి రక్తం తీశారు. దాన్ని యంత్రంలో గిరగిరా తిప్పి, గాయాన్ని మాన్పే కణాలుండే భాగాన్ని వేరు చేసి, తెర మీద చూసుకుంటూ సరిగ్గా చిరిగిన చోటే సూదితో ఎక్కించారు. దాని రక్తమే దానికి మందా అని ఆమె నోరు తెరుచుకుని చూసింది. నందిని మాత్రం లేనిపోని ఆశలు పెట్టలేదు. "పూడుతుందని మాటివ్వలేను. మందు పని సగం, మీ పని సగం. మొదట పూర్తిగా విశ్రాంతి. తర్వాత గట్టినేల మీద రోజుకు ఐదే నిమిషాలు నడక, అది కూడా మెల్లగా పెంచాలి. ఒక్కసారి ఎగిరిందంటే అతుక్కుంటున్నది మళ్ళీ తెగుతుంది."

ఎగరొద్దని మనిషికి చెప్పొచ్చు. చాందినీకి ఎవరు చెప్పాలి?

ఇంటికి వచ్చిన నాటి నుంచి సందులో తప్పెట వినబడలేదు. నారాయణ ఎవరికీ చెప్పకుండా సాధనను ఏటి ఒడ్డుకు మార్చేశాడు. కానీ మూడో వారం కమలాపురం మేళమొకటి పెళ్ళి మెరవణితో సందులోకి తిరిగింది. దరువు చెవిన పడగానే కొట్టంలో చాందినీ ముందరకాళ్ళు ఎత్తబోయింది. షంషాద్ బీ చెప్పుల్లేకుండా వీధిలోకి ఉరికి, మెరవణికి అడ్డంగా చేతులు చాచి నిలబడింది. పెళ్ళివారు కస్సుమన్నారు. అంతలో నారాయణ పరుగెత్తుకొచ్చి ముందున్న తప్పెట మీద అరచెయ్యి అదిమిపెట్టాడు.

"ఆపు మామా! ఆ కొట్టంలో గుర్రం కాలు మాన్తాంది. నీ దరువు ఇంటే ఎగుర్తాది. ఎగిరితే అయిపాయె."

కమలాపురం పెద్దాయన కొట్టం వైపు చూశాడు. తెల్లటి తల ఒకటి గోడ మీంచి ఆశగా బయటికి చూస్తోంది. ఆయన తప్పెట పుల్ల దించేశాడు.

అప్పటి నుంచి టైలరు కొట్టు దగ్గర మొదలుపెట్టి నీళ్ళ ట్యాంకు దాటేదాకా ఎవరి మేళమైనా సరే వాయించకుండా నడిచింది. మేళాల వాళ్ళే ఒకరికొకరు చెప్పుకున్నారు. పీర్లు అట్లాగే సాగిపోయాయి, వినాయకుడూ అట్లాగే సాగిపోయాడు. మెరవణి నిశ్శబ్దంగా దాటిన ప్రతిసారీ షంషాద్ బీ గుమ్మంలో నిలబడి సలాం చేసేది. కొందరికి ఎందుకో కూడా తెలియదు, అయినా తిరిగి చెయ్యెత్తేవాళ్ళు.

పది నెలలకు నల్ల మచ్చ పూడింది. "మనిషిని మోయొచ్చు, నడవొచ్చు. నాట్యం మాత్రం ఇంక వద్దు," అంది నందిని. షంషాద్ బీ ఆమె రెండు చేతులూ కళ్ళకద్దుకుని అక్కడే ఏడ్చేసింది. ఇంటి దారిలో మాత్రం దిగులు పట్టుకుంది. తప్పెట లేని మెరవణికి ఎవరు పిలుస్తారు?

పిలుపు మార్గశిరంలో వచ్చింది. నారాయణ కూతురు సింధూ పెళ్ళి.

"నీకేమన్నా పిచ్చా? తప్పెటోడి బిడ్డ పెళ్ళికి తప్పెట లేకుండానా?" అని ఆమె కసిరింది.

"అదే ఎక్కించుకొని రావల్ల అల్లుణ్ణి. ఇంకో మాట లేదు."

బంధువులంతా మేళగాళ్ళే. ఇరవై తప్పెటలు భుజాలకు వేలాడుతున్నాయి, ఒక్కటీ మోగలేదు. వీధిలో చాందినీ డెక్కల చప్పుడొక్కటే వినబడుతోంది. నారాయణ దాని పక్కనే తల వంచుకుని, పులివెందులలో విన్నట్టే చెవి పెట్టి వింటూ నడిచాడు. మంటపం ముందు ఆగి తలెత్తాడు.

"నాలుగూ సమానంగా పడతాండాయక్కా."

"ఆ పొద్దు నీ మాట ఇనింటే ఇన్ని అగచాట్లు ఉండేటివి కావు నారాయణా. నా గుర్రం కాళ్ళు నువ్వు నిలబెట్టినావు," అంది షంషాద్ బీ, కళ్ళెం పట్టుకున్న చేతులతోనే దండం పెడుతూ.

"పోయి దాన్ని కట్టేసి, తలుపేసి కబురంపు. ఆ తర్వాత సూడు మా వాయింపు."

ఆమె తొందరపడలేదు. డాక్టరమ్మ చెప్పిన నడకే, అడుగులో అడుగు వేసుకుంటూ చాందినీని ఇంటికి నడిపించింది. ఆమె కబురు అందేదాకా మంటపం ముందు ఇరవై తప్పెటలూ కాచుకునే ఉన్నాయి.