ఆదివారం పూట నేర్చుకున్న రోబో

2023 శీతాకాలం. నోయిడాలో నేను పనిచేసే చిన్న కంపెనీ సామాన్లు మోసే చక్రాల రోబోలు తయారుచేస్తుంది. ఢిల్లీలో ఒక పెద్ద ఆసుపత్రి వాళ్లు మా రోబోని నెల రోజులు వాడి చూస్తామన్నారు. పని చూడ్డానికి చాలా చిన్నది. వార్డులో నర్సులు తీసిన రక్తం శాంపిళ్లు ల్యాబుకి చేర్చాలి, వచ్చేటప్పుడు ఫార్మసీ నుంచి మందులు తేవాలి. షరతు ఒక్కటే. పొద్దున ఏడింటికి ఛార్జింగ్ తీస్తే మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మారేదాకా మళ్లీ ఛార్జింగ్ పెట్టకుండా తిరగాలి. తిరిగితే ఉంచుకుంటారు, లేకపోతే వెనక్కి పంపేస్తారు.

ఆ బ్యాటరీని రెండింటిదాకా లాగే బాధ్యత నాది. రోబోకి దారి చెప్పడమంటే దగ్గరి దారి చెప్పడమేనని చాలామంది అనుకుంటారు. మేము చేసేది కొంచెం వేరు. ముందు రోబోని ఆ భవనమంతా తిప్పి, ఏ వరండాలో ఎంత బ్యాటరీ ఖర్చయిందో రాసి పెట్టుకుంటాం. దాన్ని ట్రైనింగ్ డేటా అంటాం. ఆ డేటా చూసి, తక్కువ బ్యాటరీతో గమ్యం చేరే దారేదో ప్రోగ్రాము తనంతట తానే నేర్చుకుంటుంది. మెషిన్ లెర్నింగ్ అని గొప్పగా చెప్పుకుంటాం గానీ మా పనిలో అది ఇంతే.

"మామూలు రోజుల్లో జనం ఎక్కువ, ఆదివారాలు వచ్చి తిప్పుకోండి" అన్నారు ఆసుపత్రి వాళ్లు. నేను మహా సంతోషంగా ఒప్పుకున్నాను. నెల మొదలవకముందే వరసగా నాలుగు ఆదివారాలు నేనుండే మయూర్ విహార్‌లో మెట్రో ఎక్కి వెళ్లి రోబోని తిప్పాను. అలుపూ సొలుపూ లేకుండా తిరిగింది. వార్డు నుంచి ల్యాబుకి తిన్నగా వెళ్లే ముందు వరండాయే మంచి దారని ప్రోగ్రాము తేల్చింది. నేనూ అదే అనుకున్నాను కాబట్టి మా ఇద్దరి తెలివికీ తెగ మురిసిపోయాను.

మొదటి సోమవారం పదకొండున్నరకి రోబో వరండా మధ్యలో ఆగిపోయింది. బ్యాటరీ ఖాళీ. మంగళవారమూ అంతే. బ్యాటరీ మార్చాను, చక్రాలు విప్పి బిగించాను, మోటారు మీద అనుమానపడ్డాను. నా బుర్ర మీద మాత్రం అనుమానం రాలేదు. బుధవారం పదకొండుకే ఆగిపోతే నేనే దాన్ని తోసుకుంటూ వార్డుకి తెచ్చాను.

అక్కడ నర్సులందరికీ పెద్ద రూత్ సిస్టర్. బాపట్ల వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లకు పైగా ఆ ఆసుపత్రిలోనే పనిచేస్తున్నారు. నేను రోబోని తెలుగులో తిట్టుకోవడం విని తలెత్తి చూశారు.

"తెలుగమ్మాయివా? ఏ ఊరు మీది?"

"కరీంనగర్, సిస్టర్. ఇది పొద్దుగాల మంచిగనే తిరుగుతది. పదకొండు కాంగనే పడుకుంటది. ఏం సమజైతలేదు."

"దారులు ఎప్పుడు నేర్పావు దీనికి?"

"ఆదివారాలు."

సిస్టర్ చేతిలో ఫైలు బల్ల మీద పెట్టి నన్ను జాలిగా చూశారు. "ఆదివారం ఓపీడీ ఉండదు కదమ్మా. ఆ వరండాలో పురుగు కూడా కనపడదు. నాకేమో ఆదివారం సెలవు, చర్చికి పోతాను. నేనుంటే ఆ రోజే చెప్పుండేదాన్ని."

ఓపీడీ అంటే బయటి నుంచి వచ్చే రోగులను చూసే చోటు. అది సరిగ్గా ముందు వరండాలోనే ఉంది. సిస్టర్ నా చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్లారు. ఆ చివర నుంచి ఈ చివరకి జనం వరసలో నిలబడి ఉన్నారు. ఎవరైనా అడ్డం వస్తే మా రోబో ఆగి, "కృపయా రాస్తా దీజియే" అని మర్యాదగా దారి అడుగుతుంది. తెల్లవారుజాము నుంచి గేటు బయట కాచుకుని లోపలికొచ్చినవాళ్లు దాని కోసం వరసలో చోటు వదులుకుంటారా? పొద్దున అది అలా అడిగినప్పుడు ఒక పెద్దాయన, "అరే భయ్యా, మై భీ లైన్ మే హూఁ" అని, నేనూ వరసలోనే ఉన్నానని జవాబు కూడా ఇచ్చాడట. ఆగిన బండిని కదిలించడానికి పోయేంత బ్యాటరీ, కదులుతున్న బండిని నడపడానికి పోదు. మా రోబో అడుగుకోసారి ఆగి ఆగి అలిసిపోతోంది. నా నాలుగు ఆదివారాల డేటాలో ఈ ఆగడం అనేదే లేదు.

"వెనక వరండా మీదుగా పంపు, ఫిజియోథెరపీ గది పక్క నుంచి" అన్నారు సిస్టర్.

"అది డబల్ దూరం, సిస్టర్. పైగా ర్యాంపు ఎక్కాలె."

"సరే, నీ చదువు నీది. కానీ దీన్ని మాత్రం వెనక్కి పోనీకు, తల్లీ. నా నర్సు పిల్లలకి పొద్దున్నుంచీ ల్యాబుకి తిరగడంతోనే సరిపోతోంది. పేషెంట్ పక్కన రెండు నిమిషాలు నిలబడదామంటే కుదరట్లేదు."

ఆ మాట మనసులో నాటుకుపోయింది. అయినా దారి సంగతి నేను ఒప్పుకోలేదు. డేటా చెప్పందే నమ్మని జబ్బు నాది. మర్నాటి నుంచి పనిరోజుల్లోనే, పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా, అన్ని వరండాల్లోనూ రోబోని తిప్పాను. ఈసారి ప్రోగ్రాముకి రెండు సంగతులు కొత్తగా ఇచ్చాను: అప్పుడు టైమెంత, దారిలో ఎన్నిసార్లు ఆగింది. పది రోజుల తర్వాత అది తేల్చిన దారి చూసి తప్పు దొర్లిందనుకున్నాను. ఎనిమిదిన్నర దాకా ముందు వరండా, ఆ తర్వాత వెనక వరండా. ఒక పూటంతా తప్పు కోసం వెతికాను. దొరకలేదు.

నెలాఖరు రోజున ఆసుపత్రి మేనేజరు గారు స్వయంగా చూడ్డానికి వచ్చారు. పది గంటలకి రోబో శాంపిళ్లు ఎక్కించుకుని, ల్యాబు వైపు కాకుండా వెనక్కి తిరిగి బయల్దేరింది.

"మేడమ్, ల్యాబ్ తో ఉధర్ హై. యే ఉల్టా క్యోం జా రహా హై?"

ల్యాబు అటుంటే ఇది తిరగబడి ఇటెందుకు పోతోందని ఆయన ప్రశ్న. నేను లాప్‌టాప్ తెరిచి డేటా చూపించబోతుంటే పక్కనుంచి రూత్ సిస్టర్ అన్నారు, "సర్, మై భీ ఇధర్ సే హీ జాతీ హూఁ. బీస్ సాల్ సే."

నేను గిరుక్కున ఆవిడ వైపు తిరిగాను. ముందు వరండాలో వెళ్తే ప్రతి అడుక్కీ ఎవరో ఒకరు "సిస్టర్, డాక్టర్ సాబ్ ఎప్పుడొస్తారు" అని ఆపుతారట. అందుకని ఇరవై ఏళ్లుగా ఆవిడ చుట్టు తిరిగి వెనకనుంచే ల్యాబుకి వెళ్తున్నారు. ఆ మాట విని మేనేజరు గారు కూడా రోబో వెంట వెనక వరండా వైపు నడిచారు.

రెండింటికి నర్సులూ ఆయాలూ రోబో చుట్టూ మూగారు. బ్యాటరీ లైటు ఇంకా పచ్చగానే ఉంది. ఎవరో ఇంటి నుంచి తెచ్చిన క్యారట్ హల్వా డబ్బా మూత తీసి, మొదట రోబో ట్రేలో పెట్టి, తర్వాత అందరికీ పంచారు. రోబోని ఉంచుకుంటున్నామని మేనేజరు గారు అక్కడే చెప్పారు. నాకైతే గెంతులేయాలనిపించింది.

"ఇంత కంప్యూటరు పెట్టి, పది రోజులు చచ్చీచెడీ నా దారే కనిపెట్టావా తల్లీ?" అన్నారు సిస్టర్, హల్వా నా చేతిలో పెడుతూ.

"మీరు చెప్పిన్రు, నేనే ఇనలే" అన్నాను. "కానీ ఎనిమిదిన్నర లోపల ముందు నుంచి పోతేనే మంచిదంట, సిస్టర్. అది మీకు తెల్వదు కదా?"

"అవునే. ఆ టైముకి కౌంటరే తెరవరు, జనం ఇంకా గేటు బయటే ఉంటారు. ఇన్నేళ్లూ అలవాటు కొద్దీ అప్పుడు కూడా చుట్టు తిరిగానన్నమాట." ఇద్దరం పగలబడి నవ్వాం. మర్నాటి నుంచి ఎనిమిదిన్నర లోపు ఆవిడా, రోబో కూడా ముందు వరండాలోనే వెళ్లడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత ఎన్నో గోదాములకీ ఆసుపత్రులకీ దారులు కట్టాను. ఎక్కడికి వెళ్లినా లాప్‌టాప్ తెరవకముందే రెండు ప్రశ్నలు అడుగుతాను. ఇక్కడ అందరికంటే ఎక్కువ నడిచేది ఎవరు? వాళ్లకి సెలవు ఏ రోజు?